ఊకొట్టని శ్రోత

జగన్మోహనరావు గారు వేసవి సాయంత్రాల్లో నూజివీడు రామాలయంలో పురాణం చెబుతారు. మామిడితోట గుత్తకిచ్చిన తరువాత ఆయనకు మిగిలిన సేద్యం అదొక్కటే. వెనుక వరుసల వారు కునికిపాట్లు పడుతున్నా, మొదటి వరుసలో భార్య నాగేశ్వరమ్మ కూర్చొని ప్రతి ఘట్టానికీ "ఊ" కొడుతుంటే ఆయన వాక్కు కాలువ నీరులా సాగేది. ఆ ఊ తన పాండిత్యానికి పట్టే హారతి అని ఆయన దృఢవిశ్వాసం.

ఇప్పుడు ఆ ఊ పోయింది.

శాంతగుణాన్ని వివరిస్తూ ఒకనాడు ఆయన, "మా ఇంట్లో కోపం వస్తే ముందుగా పప్పులో ఉప్పు పెరుగుతుంది" అని చమత్కరించారు. సభ గొల్లుమంది. నాగేశ్వరమ్మ నీళ్ళ సీసా సంచిలో పెట్టుకొని లేచి వెళ్ళిపోయింది. నవ్వులు ఆగకపోవడం తన విజయమేననుకొని ఆయన మరో రెండు ఉదాహరణలు కూడా జోడించారు.

అప్పటినుంచి ఇంట్లో వేళకు కాఫీ, వేళకు భోజనం, మాటకొక అండీ. గుడిలో మాత్రం మొదటి వరుస ఖాళీ. ఒక పద్యం మూడో పాదం నుంచి ఆయన ఇంకొక పద్యంలోకి జారిపోయినా పట్టుకున్నవారు లేరు.

ఆలుమగల తగవులు తీర్చమని చాట్రాయి నుంచి సైతం జనం ఆయన వద్దకు వస్తారు. కనుక ఉపాయాలకు కొదవ లేదు. మొదట ఒక ఉత్పలమాల అల్లి, కాఫీ అందుకుంటూ రాగయుక్తంగా వినిపించారు.

"యతి బాగా కుదిరిందండీ," అని ఆమె లోపలికి వెళ్ళింది. ఆమెకు యతి తెలుసునన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది.

తరువాత భోజనాల దగ్గర క్షమాగుణం మీద మూడు భాగాల ప్రసంగం ఆరంభించారు. రెండో భాగంలో ఉండగానే ఆమె మజ్జిగ పోసేసింది.

గుత్తదారు సాంబయ్య ఇంటివాటాగా పంపిన చిన్నరసాలను నాగేశ్వరమ్మ వెనుక గదిలో వరిగడ్డిలో మాగవేసింది. అవి తీసేనాడు ఆయన సరికొత్త పీఠికతో అక్కడికి చేరి, సాయం చేస్తున్నట్టు పసుపుపచ్చగా కనిపించిన కాయనొకదాన్ని బుట్టలో వేశారు. ఆమె దాన్ని తీసి, తొడిమ దగ్గర నొక్కి, వాసన చూసి, మళ్ళీ గడ్డిలో పెట్టింది.

"ఇంకా రెండ్రోజులు ఆగాలండీ."

ఆయన పీఠికను పక్కనపెట్టి ఆమె ఎదుట కూర్చున్నారు.

"నలుగురినీ నవ్వించడానికి నిన్ను వాడుకున్నాను. తప్పు చేశాను," అన్నారాయన. విశేషణమొక్కటీ లేని ఆ వాక్యాలు తనవేనా అని ఆయనకే అనుమానం కలిగింది.

ఆమె చేతులు ఆగలేదు.

"ఆ రోజు ఉప్పు కోపంతో ఎక్కువైందనుకున్నారా? ఎడం కన్ను మసకేస్తోందని పొద్దున్నే చెప్పాను. మీరు పద్యం రాసుకుంటూ ఊ అన్నారు. విన్నారనుకున్నాను. సాయంత్రం నా ఉప్పు సంగతి మైకులో విన్నాను."

నేత్రాల మహిమను గురించి ఒక సంస్కృత సమాసం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దాన్ని బలవంతాన మింగేశారు. పండును వాసనతో పట్టడం ఆమె నేర్పు అని ఇన్నాళ్ళూ సభల్లో పొగిడిన మనిషి ఆయన; అది చూపు ఆనక కూడా కావచ్చునని ఇప్పుడే తట్టింది.

"ఎప్పటినుంచి?"

"కోతలు మొదలవక ముందునుంచే."

ఇక ఆమె చెబుతూ పోయింది. సూదిలో దారం ఎక్కకపోవడం, బాపులపాడులో బోర్డు కనపడక వేరే బస్సెక్కడం, ఇంటికొచ్చాక, చెబితే నవ్వులపాలవుతానని ఆ మాట దాచుకోవడం. వ్యాఖ్యానం చేయబోయి ఆయన రెండుసార్లు నోరు తెరిచారు, రెండుసార్లూ మూసుకున్నారు. ఇంత కఠినమైన నియమం ఆయన ఏ ఏకాదశికీ పాటించలేదు.

ఆమె ఆగిన తరువాత, "రేపు ఆటో మాట్లాడతాను. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నారు.

"మరి సాయంత్రం మీ పురాణం?"

"ఉండదు."

"జనం ఎదురుచూస్తారేమో."

"ఒక్కపూట సుఖపడతార్లే."

నాగేశ్వరమ్మ నవ్వలేదు. చేతిలోని పండును వాసన చూసి, బుట్టలో వేసి, "ఊ" అంది.