విడిగా పెట్టిన గ్లాసు

మంచుగడ్డ మీద మైనపు బిళ్ళలను వరసగా బోర్లించి, యేసన్న వాటి మీద తడిగుడ్డ కప్పాడు. ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురంలో మైనం కుదురుగా ఉండదు. మెత్తబడిన బిళ్ళను కోస్తే నలిగిపోతుంది. మంచు మీద పది నిమిషాలు గట్టిపడితేనే కత్తి కింద పలచటి పొర లేస్తుంది.

ముప్ఫై రెండేళ్ళుగా ఆయన ఈ ఆసుపత్రి ల్యాబులో అటెండరు. చేరిన రోజు నేల తుడవమన్నారు. ఏడాది తిరక్కుండా మైనం కాచడం, బిళ్ళ పోయడం, పొర కోయడం అన్నీ చూసి నేర్చుకున్నాడు. పని పెరిగింది గానీ ఉద్యోగం పేరు మారలేదు. ఈ సాయంత్రం ఐదింటికి అటెండరుగానే రిటైరవుతున్నాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, వేడి మైనానికి కాలికాలి నున్నబడిన వేళ్ళు. హాజరు మిషను ఆ వేళ్ళను ఏనాడూ గుర్తుపట్టింది లేదు. రోజూ పొద్దున్నే దానితో కాసేపు గొడవపడి, చివరికి రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికొస్తాడు.

ఒక్కో బిళ్ళ అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాని నడుమ ఎవరో ఒకరి ఒంట్లోంచి కోసిన చిన్న ముక్క. రోగమేమిటో తేల్చాక బిళ్ళ సొరుగులోకి పోతుంది. పదేళ్ళు దాటినవి పారేయొచ్చని రూలుంది. యేసన్న పారేయలేదు. కరెంటు పోయిన ప్రతి ఎండాకాలం మధ్యాహ్నం, ఆ బీరువాల మీద గోనెపట్టాలు తడిపి కప్పాడు. బద్ధకమని కొందరు, పిచ్చి అని కొందరు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీలే అనుకున్నాడు.

ఆ పాత బిళ్ళలకు ఇన్నాళ్ళకు గిరాకీ వచ్చింది. మూడు వారాల కిందట డాక్టర్ జయంతి పరిశోధన కోసమని ఒక జాబితా ఇచ్చింది. పేర్లు లేవు, నంబర్లే. నలభై రొమ్ము క్యాన్సర్ బిళ్ళలు. ఆ గడ్డల్లో వైరస్ జాడ ఏమైనా ఉందేమో వెతకాలట. యేసన్న ముప్ఫై తొమ్మిది తీసిచ్చాడు. నలభయ్యోది మాత్రం, పదకొండు వందల నలభై ఏడు, కనబడలేదన్నాడు.

అది అబద్ధం. ఆ బిళ్ళ ఇప్పుడు ఆయన ఎదురుగానే, తడిగుడ్డ కింద, మంచు మీద ఉంది. అది ఆయన భార్య మారెమ్మది.

మారెమ్మ పోయి పదకొండేళ్ళయింది. శింగనమల దగ్గరి పల్లెలో చెనక్కాయలు ఒలిచే కూలికి పోయేది. గడ్డ సంగతి ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. ఆపరేషనయి ఇంటికొచ్చిన వారానికి యేసన్న కొత్త స్టీలు గ్లాసు తెచ్చాడు. పాత్రల అంగట్లో దాని మీద చుక్క చుక్కగా 'మారెమ్మ' అని పేరు కొట్టించాడు. రేషన్ కార్డులో తప్ప మరెక్కడా తన పేరు చూసుకోని మనిషి, ఎంత మురిసిపోయిందో! పక్కింటి ఆంజినమ్మను పిలిచి మరీ చూపించింది.

పక్షం రోజుల తర్వాత గిన్నెలు తోముతూ అడిగింది.

"నీ గ్లాసు మీద పేరు యాడ?"

యేసన్న తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లోకి నడిచాడు. పొద్దస్తమానం ల్యాబులో చేతులు కడుక్కునే మనిషికి కంటికి కనబడని పురుగంటే హడలు. ఈ రోగమూ ఒకరి నుంచి ఒకరికి పాకుతుందేమోనని లోపల భయం. డాక్టర్లను అడగడానికి సిగ్గు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ రోజు నుంచి తన గ్లాసు తనే కడిగి, వాకిటి పక్క గూట్లో బోర్లించుకుంది.

గూట్లో గ్లాసు చూసినప్పుడు యేసన్నకు పాత గూడొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఊరి టీ అంగట్లో వాళ్ళ పేటవాళ్ళ గ్లాసులు ఇట్లాగే బయటి గూట్లో ఉండేవి. తాగి, కడిగి, అక్కడే పెట్టాలి. పదహారో ఏట ఆ గ్లాసు విసిరికొట్టి వచ్చాడు. మళ్ళీ ఆ అంగడి గడప తొక్కలేదు. అంత రోషం గల మనిషి తన ఇంట్లో తనే ఆ గూడు పెట్టాడు. అది తెలిసి కూడా ఆ గ్లాసును లోపలికి తేలేదు. ఎనిమిది నెలలకు ఆమె పోయింది. గ్లాసు తెచ్చి ల్యాబు సొరుగుల వెనక పెట్టుకున్నాడు. అందులో తాగిందీ లేదు, పారేసిందీ లేదు.

మూడు వారాలుగా ఒకటే ఆలోచన. వైరస్ ఉందని తేలితే తను చేసింది సరైనదవుతుందా? లేదని తేలితే ఏ ముఖంతో ఆమెను తలుచుకోవాలి? ఏది తేలాలని కోరుకోవాలో కూడా తెలియడం లేదు.

పదకొండింటికి జయంతి వచ్చింది. ముప్ఫై రెండేళ్ళ పిల్ల, నడకా మాటా రెండూ వేగమే.

"యేసన్నా, ఆ ఒక్కటి దొరకలేదా?"

"మేడం, ఒక మాట. ఇన్నేండ్లు మైనంలో ఉంటే వైరస్ బతికుంటాదా?"

"బతికుండదు. జాడ మిగులుతుంది, అంతే. దాన్నే వెతుకుతున్నాం."

"అది దొరికితే, గడ్డ దాని వల్లే వచ్చినట్లేనా?"

జయంతి స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రశ్న నచ్చినట్టుంది. "అదే ఎవరికీ తెలియదన్నా. కొన్ని గడ్డల్లో కనబడిందని కొందరంటారు, లేదని కొందరంటారు. కనబడినా, గడ్డను పెంచింది అదేనా, ఊరికే అక్కడ ఉండిపోయిందా అన్నది తేలాలి."

యేసన్న తడిగుడ్డ అంచు నలుపుతూ అడిగాడు. "అట్లయితే మేడం... వాళ్ళు తాగిన గ్లాసుతో మనకు అంటుకుంటాదా?"

"రొమ్ము క్యాన్సరా? అంటుకోదు. గ్లాసుతో, కంచంతో, పక్కన పడుకుంటే, దేనితోనూ రాదు."

"వైరస్ ఉండాదని తేలినా?"

"తేలినా. మేం వెతికేవాటిలో కొన్ని వైరస్‌లు మీ ఒంట్లో, నా ఒంట్లో చిన్నప్పటి నుంచే ఉంటాయి. గ్లాసు వేరు పెడితే ఆగేవి కావు. ఎవరైనా పెట్టారా?"

"నేనే పెట్టినా మేడం. మా ఇంటామెకు."

తడిగుడ్డ తీసి బిళ్ళ ఆమె చేతిలో పెట్టాడు. జయంతి నంబరు చూసింది. బిళ్ళను వెలుతురుకు ఎత్తి పట్టింది.

"ఇందులో కొంచెమే మిగిలింది అన్నా. కోస్తే అయిపోతుంది. మీకిష్టం లేకపోతే వద్దు."

"కోద్దాం మేడం. ఏముండాదో తెలియాల కదా."

తనే కోశాడు. ఒక బిళ్ళ తునక ఇంకో బిళ్ళకు అంటకుండా ప్రతిదానికీ కొత్త బ్లేడు వేయాలి. యేసన్న కోత మిషనుకు కొత్త బ్లేడు బిగించి చక్రం తిప్పాడు. పొరలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. జయంతి వాటిని చిన్న పట్టకారుతో పట్టి చిన్న గొట్టంలో వేసింది. తొమ్మిదో పొర వట్టి మైనం. చక్రం ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు.

"ఫలితం తేలడానికి ఆరేడు నెలలు పడుతుంది. ఒక్కొక్కరిది విడిగా చెప్పకూడదు. నలభైలో ఏం తేలిందో ఫోన్ చేసి చెప్తాను."

"ఏం తేలినా చెప్పండి మేడం. నాకు తెలుసుకోవాలని ఉండాది."

నాలుగున్నరకు అందరూ చేరి శాలువా కప్పారు. టెక్నీషియన్ తిప్పేష్ కెటిల్ పట్టుకొచ్చాడు. యేసన్న సొరుగుల వెనక చెయ్యి పెట్టి గ్లాసు తీసి, తోమి, ముందుకు చాపాడు.

"ఏమప్పా, ఈ పొద్దు కొత్త గ్లాసా?" అన్నాడు తిప్పేష్.

"పాతదే. దీంట్లో పొయ్యి."

టీ చివరి గుక్క దాకా తాగాడు. పదకొండేళ్ళు ఆలస్యంగా తాగుతున్నానని ఆయనకు తెలుసు. గ్లాసు కడిగాడు. హాజరు మిషను మీద అలవాటుగా వేలు పెట్టాడు, అది అలవాటుగా కాదంది. రిజిస్టరులో సంతకం పెట్టి, ఐదూ పది బస్సుకు వెళ్ళిపోయాడు.

కుళాయి పక్కన ట్రేలో ఆరు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. నీళ్ళు కారుతూ, అన్నిటికీ నడుమ, మారెమ్మ అని చుక్కలు కొట్టిన గ్లాసు.