మూడు పూటలా నీళ్లు

ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి చూడండి, నా బాధ తెలుస్తుంది. సకల జనుల సమ్మెలోకి ఆర్టీసీ దిగిన నాలుగో రోజుకే మా ఆయన బుచ్చన్న కోరుట్లలోని మా రెండు గదుల ఇంటిని సర్వీసు రూటు చేసేశాడు. గేటు నుంచి బావి దాకా, బావి నుంచి గేటు దాకా. టీవీ పెడతాడు, ఆపుతాడు. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అదే.

ఆ తిరుగుడు చూస్తే నాకు భయం. మార్చిలో కూడా ఇట్లాగే తిరిగి తిరిగి, నాకు చెప్పకుండా హైదరాబాదు ఊరేగింపుకు పోయాడు. తోపులాటలో పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చాడు. ఇంకోసారి విరిగితే స్టీరింగు పట్టలేడని డాక్టరు తేల్చి చెప్పాడు. డ్రైవరుకు చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది? తెలంగాణ నాకూ కావాలి. ఆయన చెయ్యీ కావాలి. అది తప్పా?

అందుకే పక్కింటి ఖుర్షీద్ బేగం దగ్గరికి పోయాను. భర్త నజీర్ సౌదీలో, దమామ్‌లో ఉంటాడు, ఇల్లూ చెట్లూ ఆమె ఒక్కతే చూసుకుంటుంది. ఆమె పెరట్లో చోటు దొరకాలంటే మొక్క పరీక్ష పాసు కావాలి. ఏ మొక్క వచ్చినా కవరుతోనే గోడవార పెట్టి ఒక ఎండాకాలం వదిలేస్తుంది. వారానికోసారి చెంబెడు నీళ్లు, అంతే. బతికితేనే నేలలో పెడుతుంది.

"ఆపా, చూపు తిప్పితే సచ్చిపొయ్యే మొక్కలు గావాలె," అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అందరు సావని మొక్కలడుగుతరు. నువ్వేంది గిట్లడుగుతున్నవ్?"

"మా ఆయన ఇంట్ల ఉండాలె. చేతినిండ పనుండాలె."

"నా తాన గసొంటియి లేవు. సచ్చేదాన్ని పెంచుడు నాతోని కాదు."

అలా అంటూనే నందివర్ధనం, బొండుమల్లె, ముద్దమందారం ఇచ్చింది. సిరిసిల్లలో తల్లిగారింటి నుంచి కొమ్మ తెచ్చి పెంచిన గోరింట కూడా ఇచ్చింది. "ఎండ తగలాలె. మన్ను ఎండితేనే నీళ్లు. ఇగ వాటి జోలికి పోవద్దు, అయే బతుకుతయి," అని చెప్పింది.

జోలికి పోకపోతే నా పని ఎట్లా అవుతుంది? ఇంటికొచ్చి నిమ్మళంగా అబద్ధమాడాను.

"మస్తు నాజూకు మొక్కలట. మూడు పూటల నీళ్లు పొయ్యాలెనట. రోజు చెట్టు మొదట్ల మన్ను గుల్ల చెయ్యాలెనట. ఒక్క పూట తప్పినా పోతయట."

బుచ్చన్న టైము తప్పే మనిషి కాదు. ఆరింటికి, పన్నెండింటికి, ఐదింటికి డిపోలో బండి తీసినట్టు బకెట్టు తీసేవాడు. గోరింటకు ఎండ తగలకుండా పాత గొడుగు కట్టాడు. డిపో ముందు ధర్నాకు పోయినా "ఐదింటి నీళ్లున్నయి" అని లేచి వచ్చేవాడట. నేను లోలోపల నవ్వుకున్నాను. మూడు వారాలు ఆయన ఊరు దాటలేదు.

ఆ తర్వాత ఆకులు పసుపెక్కాయి. మందారం మొగ్గలు విచ్చకుండానే రాలాయి. నీళ్లు చాలడం లేదనుకుని ఆయన ఇంకో బకెట్టు పెంచాడు. ఎందుకు పసుపెక్కాయో నాకు తెలుసు. చెప్తే నా గుట్టు బయటపడుతుంది, చెప్పకపోతే మొక్కలు పోతాయి. మొక్కలే పోనీ అనుకున్నాను. అలా అనుకున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

రైల్ రోకో పిలుపు వచ్చింది. జగిత్యాలలో పట్టాల మీద కూర్చుంటారట. పొద్దున్నే డిపో వాళ్లు జీపు తీసుకుని వచ్చారు. బుచ్చన్న బకెట్టు పట్టుకునే గేటు దాకా పోయాడు.

"మొక్కలు సస్తున్నయి, నేను రాను," అన్నాడు. వాళ్లు నవ్వారు. నా ప్రాణం లేచి వచ్చింది.

అంతలో గోడ మీదుగా ఖుర్షీద్ ఆపా తల కనిపించింది. నా అవసరం ఆమెకు తెలుసు. కానీ తల్లిగారింటి గోరింట కళ్లముందు చస్తుంటే ఊరుకునే మనిషి కాదు.

"ఆ నీళ్లేంది భాయ్? వేర్లు కుళ్లుతున్నయి గద! మన్ను ఎండినంకనే పొయ్యమని సుశీలకు జెప్పిన."

బుచ్చన్న బకెట్టు కింద పెట్టి మందారాన్ని పట్టుకున్నాడు. లాగకుండానే ఊడి వచ్చింది. వేర్లు నల్లగా, మెత్తగా, కంపు కొడుతున్నాయి. వాటిని నా వైపు తిప్పాడు.

"నువ్వు జెప్పినట్లే జేసిన గద, సుశీలా."

నేను వంగి బకెట్టు పక్కకు జరిపాను.

"నన్ను ఆపనీకేనా?"

"ఔ, నిన్ను ఆపనీకే! నీ చెయ్యి మల్ల ఇరిగితే నేనేం గావాలె? పొయ్యే ముందు గదొక్కటి జెప్పు!"

జీపులో వాళ్లంతా వింటున్నారు. విననీ.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బావి దగ్గర చేతులు కడుక్కుని, లోపలికి పోయి క్రేప్ బ్యాండేజి తెచ్చాడు. నా ముందు గడప మీద కూర్చుని కుడిచెయ్యి చాపాడు.

"గట్టిగ గట్టు," అన్నాడు.

కట్టనని అనబోయాను. కానీ ఆ చెయ్యి పట్టుకోగానే తెలిసింది. విరిగిన చోట నా వేలు ఆనితే గుంజుకుని, మళ్లీ తనే చాపాడు. ఇన్ని రోజులు భయం నా ఒక్కదానికే అనుకున్నాను.

ఒక్కో చుట్టూ గట్టిగా చుట్టాను. కట్టడం అయిపోయింది. జీపు రెండోసారి హారన్ కొట్టింది, చెయ్యి మాత్రం ఇంకా నా చేతుల్లోనే ఉంది.