బూట్లు ఎటు తిరిగాయి

రోజూ పొద్దున్న ఆరున్నరకి లునింగ్ టీకి నీళ్ళు పెట్టి, తలుపు వెనక అంటించుకున్న చీటీలు చదువుకునేది. గ్యాస్ కట్టెయ్. తాళం తీసుకో. కళ్ళజోడు తలమీదే ఉంది, వెతక్కు. ఏడాదిన్నరగా ఆ చీటీలు పెరుగుతున్నాయే గానీ తగ్గడం లేదు. అవన్నీ అయ్యాక కిందికి చూసేది. ముందురోజు ఎటుపడితే అటు విడిచేసిన గుడ్డబూట్లు గుమ్మం లోపల పక్కపక్కన, మొనలు వీధివైపు తిరిగి సిద్ధంగా ఉండేవి. కాళ్ళు దూర్చి వెళ్ళిపోవడమే.

ఒనోమిచి ఊళ్ళో కొండవాలు ఇళ్ళన్నీ అంతే. వచ్చినవాళ్ళ చెప్పుల్ని ఇల్లే తిప్పి పెడుతుంది. చుట్టాలవైతే మొనలు బయటికి, సొంతవాళ్ళవైతే లోపలికి. ఎవరింట్లోనైనా కబుర్లలో పడి మరీ ఆలస్యం చేస్తే గుమ్మంలో బూట్లు టక్కుమని చిన్న చప్పుడు చేస్తాయి. వెంటనే అందరూ లేచి, "అయ్యో, ఇంక వెళ్ళొస్తాం" అంటారు.

లునింగ్ ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి ఈ ఊరొచ్చి ఇరవయ్యారేళ్ళు. తెరచాపగుడ్డతో సంచులు కుట్టే కార్ఖానాలో పని. ఇప్పటికి మూడు అద్దెగదులు మారింది. మూడూ ఆమె బూట్లని బయటికే తిప్పాయి. బయల్దేరడానికి వీలుగా ఉంటుందిలే అనుకుందే తప్ప ఏనాడూ నొచ్చుకోలేదు.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. భవనం కూల్చేస్తున్నారు, మార్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇళ్ళు చూపించే కాజితాని గారు పదకొండు చోట్లకి ఫోన్ చేశాడు. పరాయిదేశస్థురాలు అనగానే కొందరు నసిగారు, అరవై మూడేళ్ళు అనగానే మిగిలినవాళ్ళు ఫోన్ పెట్టేశారు. చివరికి ఒక్కరు సరేనన్నారు. స్టేషన్ పక్కన ఆరో అంతస్తు, లిఫ్టు ఉంది, ఒప్పందం రెండేళ్ళకి. "ఆ తర్వాత వాళ్ళు పొడిగిస్తారని నేను మాటివ్వలేను, లునింగ్ గారూ" అన్నాడు కాజితాని. కాసేపు బల్లమీద కాగితాలు సర్దుతూ కూర్చుని, "ఇంకోటుంది గానీ... అది అద్దెకి కాదు, అమ్మకానికి" అన్నాడు.

కొండమీద నూట ఎనభై ఏడు మెట్లెక్కాక వచ్చే ఇల్లు. అందులో ఉన్న ముసలి దంపతులు పోయారు. ఒసాకాలో ఉన్న మేనకోడలు దాన్ని పాతకారు ధరకి ఇచ్చేస్తానంటోంది. "రెండూ చూడండి. ఏదైనా సరే, శుక్రవారం మూడింటికి ముద్ర తెచ్చుకోండి" అన్నాడు. సంతకం కన్నా పేరు చెక్కిన ముద్రే ఇక్కడ లెక్క.

పక్కమిషను మీద కుట్టే తెసీది కూడా ఇలోయిలోనే. విషయం వినగానే కుట్టడం ఆపేసింది.

"కొంటావా? మతి ఉందా అక్కా నీకు?"

"అదే కదా అనుమానం" అంది లునింగ్.

"నవ్వకు. అద్దె అంటే రేపు సంచీ సర్దుకుని వెళ్ళిపోవచ్చు. కొన్నావనుకో, ఇక్కడే పోతావ్."

"అద్దెకుంటే పోనా?"

"పోతావులే, లిఫ్టులో దించుతారు. నూట ఎనభై ఏడు మెట్ల మీద నుంచి నిన్ను దించాలంటే నలుగురు చాలరమ్మా, ఎనిమిదిమంది కావాలి. మధ్యలో వాళ్ళకి టీలు!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వయ్యాక లునింగ్ చెయ్యి మాత్రం గుడ్డమీద అలాగే ఆగిపోయింది. ఆమె నీలం సూట్‌కేసు ఇరవయ్యారేళ్ళుగా మంచంపక్కనే ఉంటుంది, అటక ఎక్కలేదు. వచ్చే ఏడు వెళ్ళిపోతాను కదా అని బీరువా కూడా కొనలేదు. ఇలోయిలోలో ఆమె గదిలో ఇప్పుడు తమ్ముడి మనవలు పడుకుంటున్నారు. ఇల్లు కొనడమంటే ఆ 'వచ్చే ఏడు' ఇక లేదని ఒప్పుకోవడమే. పైగా మతిమరుపు మనిషి ఇల్లు కొని, కొన్నానన్న సంగతే మరిచిపోతే?

ఫ్లాటు శుభ్రంగా ఉంది. ఆరో అంతస్తు వరండాలో ఒకేలాంటి తలుపులు పన్నెండు. ఇందులో నాది ఏది అని ప్రతిరోజూ వెతుక్కోవాలి కాబోలు అనుకుంది. తర్వాత మెట్లెక్కారు. కాజితాని ఆయాసపడుతూ జారుడుతలుపు తీశాడు. లునింగ్ వంగి మర్యాదగా, "మన్నించండి, లోపలికి వస్తున్నాను" అని బూట్లు విడిచింది.

వంటింటి కిటికీ తీసింది. కిటికీ నిండా హస్సాకు నారింజ చెట్టు, కాయలు పసుపుపచ్చగా విరగకాసి ఉన్నాయి. చెట్టు కింద ఇళ్ళ కప్పులు, వాటికింద సన్నటి సముద్రపు పాయ, దానిమీద అవతలి దీవికి పోయే పడవ. నౌకలు బాగుచేసే చోట ఇనుము మోత. "ఇక్కడ మిషను పెట్టుకుంటే!" అని పైకే అనేసింది. గదుల్లో చిన్నపిల్లలా తిరిగింది. గోడల అలమరాలు తెరిచింది, మూసింది. సూట్‌కేసు పట్టేంత అటక కూడా ఉంది.

గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె బూట్లు, కాజితాని బూట్లు ఒకేలా బయటికి తిరిగి ఉన్నాయి.

కాజితాని చూపు తిప్పుకున్నాడు. "కొన్ని ఇళ్ళకి కొంచెం టైం పడుతుందండీ" అన్నాడు.

పక్కింటి హిసానో గారికి ఎనభై నాలుగేళ్ళు. మంగళవారం, శుక్రవారం ఈ ఇంటి తలుపులు తెరిచి గాలి తగలనిచ్చేది ఆవిడే. గోడవతల నుంచి అంతా చూస్తూనే ఉంది.

"లోపలికెళ్తూ ఏమన్నావ్, అమ్మాయ్?"

అరవై మూడేళ్ళొచ్చాక అమ్మాయ్ అనిపించుకోవడం లునింగ్‌కి బాగానే అనిపించింది. "మన్నించండి అన్నాను. అందరూ అనేదేగా?"

"అందరూ అనేదే, పరాయింటికి వెళ్తే. మరి ఇల్లేం చేస్తుంది పాపం, చుట్టం అనుకుంది."

మర్నాడు మంగళవారం లునింగ్ ఒక్కతే వచ్చింది. గుమ్మంలో నిలబడి, సొంతింటికి చేరినవాళ్ళు అరిచినట్టే గట్టిగా, "వచ్చేశాను!" అంది. బూట్లు విడిచి, చేతులు కట్టుకుని, వాటినే చూస్తూ నుంచుంది. బూట్లు కాస్త తటపటాయించాయి. తర్వాత గచ్చుమీద గరగర రాసుకుంటూ చక్కగా బయటికి తిరిగాయి.

గోడవతల హిసానో గారికి నవ్వాగలేదు. "పరీక్షలో పక్కవాడి పలక చూసి రాసినట్టుంది!"

"ఒప్పుకోకపోతే పోయె" అని లునింగ్ ఉక్రోషంగా కాజితానికి ఫోన్ చేసింది. "ఫ్లాటే ఖాయం చెయ్యండి. శుక్రవారం వస్తాను."

శుక్రవారం మధ్యాహ్నం కార్ఖానా నుంచి ముందే బయల్దేరింది. దారిలో ఒక ముల్లంగి, ఒక టోఫు కొంది. ఇంటికెళ్ళి, టోఫు ఫ్రిజ్‌లో పెట్టి, ముద్ర తీసుకుని మూడింటికల్లా అక్కడుండాలి. ముద్ర, ముద్ర అని దారంతా అనుకుంటూ నడిచింది. అలా అనుకుంటూనే సంచీకి పిడులు ఎర్రదారంతో కుడితే బాగుంటుందా, తెల్లదారమా అన్నదాంట్లో పడిపోయింది. తెల్లదే. తలుపు జరిపింది, "వచ్చేశాను" అంది, బూట్లు తన్నినట్టు విడిచేసింది, వంటింట్లోకి వెళ్ళి టోఫు పెట్టబోయింది.

ఫ్రిజ్ లేదు.

కిటికీ నిండా హస్సాకు కాయలు.

లునింగ్ కిటికీ వైపు, చేతిలో పొట్లం వైపు మార్చి మార్చి చూసింది. తన గది కొండ కింద కాదూ ఉన్నది? నూట ఎనభై ఏడు మెట్లు ఎక్కినట్టే తెలియలేదు. ఇంతవరకు వచ్చిందా మరుపు? రేపు పేరు మరిచిపోతానా, ఎల్లుండి తెసీ ముఖం? టోఫు పొట్లం పట్టుకుని చాపమీద కూలబడింది. తెసీ చెప్పిందే నిజం, మతి లేదు. హిసానో గారు చూసేలోగా వెళ్ళిపోవాలి. లేచి గబగబా గుమ్మంలోకి వచ్చింది.

బూట్లు పక్కపక్కన ఉన్నాయి. మొనలు లోపలికి ఉన్నాయి, మెట్టుకి ఆనుకుని.

ఆమె చూస్తూ నిలబడింది. వంగి, రెండిటినీ బయటికి తిప్పింది. సంచీ అందుకుని వెనక్కి తిరిగేలోగా, టక్. మళ్ళీ లోపలికే. ఇంకోసారి తిప్పింది. టక్.

ఇరవయ్యారేళ్ళలో ఒక్క గుమ్మం కూడా ఆమెకి ఈ పని చెయ్యలేదు. లునింగ్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపు, మళ్ళీ నవ్వు. ముల్లంగి చేతిలో పట్టుకునే ఫోన్ చేసింది.

"కాజితాని గారూ, కాగితాలు మార్చండి. కొండమీది ఇల్లు."

"ఏమైందండీ?"

"తిప్పింది! కాదు, తిప్పలేదు. అంటే నేను తిప్పాను, అది మళ్ళీ... మీరొచ్చి చూడండి."

"మెట్లెక్కాలా?" అని ఆయన మూలిగాడు. "మరి ముద్ర?"

"అయ్యో. కింద గదిలో ఉంది. ఉండండి, పట్టుకొస్తాను."

ఈసారి మాత్రం ఇల్లు ఏమీ అనలేదు. ఆమె బూట్లు తొడుక్కుని దిగింది. ముద్ర జేబులో వేసుకుంది. ఒక చేత్తో నీలం సూట్‌కేసు పట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. ఖాళీదే, అయినా ఎనభయ్యో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. పైకొచ్చేసరికి కాజితాని గుమ్మంలో కాగితాల ఫైలుతో విసురుకుంటూ కూర్చుని ఉన్నాడు. చాపమీద కాగితాలు పరుచుకుని, ఎర్రసిరాలో అద్ది, లునింగ్ తన పేరు ఆరుచోట్ల ముద్రేసింది. ఆఖరిది ఆరకముందే గుమ్మంలో కాజితాని బూట్లు టక్కుమన్నాయి. ఆయన నవ్వి, లేచి వెళ్ళొస్తానన్నాడు.

సూట్‌కేసు అటకెక్కించింది. టోఫు చలువగా ఉంటుందని కిటికీగట్టు మీద పెట్టింది. సాయంత్రంలోగా తినెయ్యాలి. దానికి చీటీ రాసుకుందామని పెన్ను వెతుకుతుంటే బయటి నుంచి హిసానో గారి గొంతు వినిపించింది.

"ఎవరైనా ఉన్నారా ఇంట్లో?"

"ఉన్నాను" అంది లునింగ్. "నేనే ఉన్నాను. లోపలికి రండి."

ముసలావిడ, "మన్నించండి, వస్తున్నాను" అంటూ చెప్పులు విడిచింది.