వంటింట్లోకి వెళ్ళేది

ఎలక్షన్లు అయిపోయాయి, ఓట్ల పెట్టెలు వెళ్ళిపోయాయి, గోడల మీద రాసిన గుర్తులు కూడా వానకి కరిగిపోయాయి, కొత్తపేటలో ఇంక వాదించుకోవడానికి ఏమీ మిగల్లేదు అనుకుంటుండగా గంగాభవాని కేసు వచ్చిపడింది. అంతే, కాఫీ హోటల్లో రెండు పార్టీలు లేచాయి. ఒకటి పొరపాటు పార్టీ, రెండోది కావాలని పార్టీ. ఇడ్లీ చల్లారిపోతున్నా సరే, బస్సు వెళ్ళిపోతున్నా సరే, ఎవరూ తగ్గేవారు కాదు.

జరిగింది మాత్రం చిన్న మాటల్లో చెప్పేయొచ్చు. ఎలిమెంటరీ బడి మేష్టారు సూర్యప్రకాశరావుకి తెల్లవారుజామున వంటింట్లో అలికిడి వినిపించింది. మూలనున్న కొబ్బరికాయలు ఒలిచే గునపం తీసుకుని వెళ్ళి చీకట్లో ఒక్క దెబ్బ వేశాడు. దీపం తెచ్చి చూస్తే పడి ఉన్నది పెళ్ళాం గంగాభవాని. దొంగనుకున్నానన్నాడు. ఆ నెలలో ఊళ్ళో రెండిళ్ళకి కన్నాలు పడిన మాట నిజమే, అందరూ తలగడ పక్కన కత్తిపీట పెట్టుకుని పడుకుంటున్న మాటా నిజమే. కాబట్టి ఇంతవరకూ ఎవరైనా నమ్మేస్తారు.

కానీ గంగాభవాని ఆ రోజు బయట ఉంది. వైదికుల ఇళ్ళల్లో నెలలో ఆ మూడు రోజులూ ఆడవాళ్ళు పెరటి వసారాలో ఒక చాప, ఒక చెంబు పెట్టుకుని విడిగా ఉండాలి, గడప దాటి లోపలికి రాకూడదు, పొద్దుగూకేలోపు ఎవరో దూరం నుంచి పెట్టిన అన్నం తినాలి, మళ్ళీ మర్నాడు పెట్టేదాకా ఏమీ ఉండదు. మరి బయట ఉన్న మనిషి వంటింట్లో ఎలా చచ్చిపోయింది? కేసంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడింది, జిల్లాలో మగాళ్ళందరూ ఎన్నడూ పైకి మాట్లాడని సంగతిని పొద్దున్నుంచి సాయంత్రందాకా గొంతు చించుకుని మాట్లాడటం మొదలెట్టారు.

సాక్ష్యానికి పిలుపు వచ్చింది కాబట్టి గంగాభవాని తల్లి రుక్మిణమ్మ తన తమ్ముడు సూరిబాబుని తోడు తీసుకుని రాజమండ్రి బయల్దేరింది. బొబ్బర్లంక దాకా కాలవ పడవ, అక్కణ్ణించి లాంచీ. పడవలో కూర్చోగానే కళ్ళు మూసుకుంది, కాసేపు ఎవరి గొంతూ వినకుండా ఉండొచ్చు కదా అని. ఎక్కడ? పడవ రేవు దాటిందో లేదో ఎదురుగా కూర్చున్న కొబ్బరికాయల వర్తకుడు పెద్దిరాజు అందుకోనే అందుకున్నాడు.

"మీరెన్నైనా చెప్పండి మాణిక్యాలరావుగారూ, బయటున్న ఆడమనిషి వంటింట్లోకి వస్తాదని ఏ మొగుడనుకుంటాడండీ? అందులోనూ వేదం చదువుకున్నోరి పిల్ల. చప్పుడైతే దొంగే అనుకుంటాడు. నేనైనా అంతేనండి."

మాణిక్యాలరావు అమలాపురంలో ప్లీడరు గుమాస్తా, కావాలని పార్టీకి పెద్ద. "ఆయ్, నేననేదీ అదేనండీ! ఆవిడ రాదు. రాని మనిషి అక్కడెలా పడుందండీ? ఈయనే ఈడ్చుకొచ్చేడు. టీచరు ట్రైనింగుకి వెళ్తానందంట, ఈయన వల్లకాదన్నాడంట, ఇద్దరికీ మాటల్లేవంట."

"ట్రైనింగుకెళ్తానంటే చంపేస్తారేంటండీ? మా ఆవిడ రోజూ పుట్టింటికి పోతానంటాది. ఇప్పటిదాకా నిక్షేపంలా ఉంది కదండీ!"

"ఆవిడ ఉండటం కాదండీ, మీరున్నారు చూడండి, అదీ గొప్ప."

పడవంతా ఘొల్లుమంది. గెడ వేస్తున్న మనిషి కూడా నవ్వాడు. పెద్దిరాజు ఓడిపోవడం ఇష్టంలేక చుట్టూ చూసి రుక్మిణమ్మని పట్టుకున్నాడు. "ఏమండీ పిన్నిగారూ, పెద్దోరు, మీకు తెలుస్తాది. ఎవరైనా అలా లోపలికెళ్తారేంటండీ?"

సూరిబాబు మొహం ఎర్రగా కందిపోయింది, లేవబోయాడు. రుక్మిణమ్మ వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నాకు వినపళ్ళేదు నాయనా" అంది. పెద్దిరాజు జాలిపడి, ఆవిడ మీద ఎండ పడకుండా తన గొడుగు ఇచ్చి, మళ్ళీ వాదనలో పడిపోయాడు.

ఆవిడకి కోపం కూడా రాలేదు. కోపం వచ్చే రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు ఎముకల్లో ఒకటే బరువు. చిత్రం ఏమిటంటే ఈ రెండు పార్టీలూ ఇంత కొట్టుకుంటున్నాయి కదా, ఇద్దరూ ఒక మాట మీద మాత్రం కలిసే ఉన్నారు. గంగాభవాని లోపలికి వెళ్ళదు. ప్రాసిక్యూటరుగారు కబురంపించినదీ అదే, మా పిల్ల లోపలికి వెళ్ళదని చెప్తే చాలమ్మా అని. బయల్దేరేటప్పుడు ఆవిడ భర్త శ్రీరామచంద్రమూర్తిగారు అరుగు దిగి వచ్చి అన్నదీ అదే. ఆయన ఘనపాఠి, చుట్టుపక్కల ఎక్కడ శాంతి జరిగినా హోమం జరిగినా ఆయన్నే పిలుస్తారు, ఆ పిలుపుల మీదే ఇల్లు నడుస్తుంది.

"రుక్మిణీ, వాడు ఉరెక్కితే నా పిల్ల తిరిగొస్తుందా. ఏమైనా కానీ. దాన్ని మాత్రం నలుగురి నోళ్ళలో పెట్టకు. మా పిల్ల ఆచారం తప్పేది కాదని చెప్పు. నిజమే కదా అది."

నిజం కాదు. ఆ సంగతి ఇప్పుడు బతికున్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు. ఒకరు రుక్మిణమ్మ, రెండోవాడు జైల్లో ఉన్నాడు. నోరు విప్పితే చచ్చిపోయిన పిల్ల పరువు పోతుంది, భర్త పిలుపులు పోతాయి. విప్పకపోతే గంగాభవాని ఎలా చచ్చిపోయిందో తప్పుగానే రాసేసి కాగితాలు కట్టేస్తారు. దారి పొడుగునా ఇదే ఆలోచన, ఆలోచించీ ఆలోచించీ తల దిమ్మెక్కిపోయింది కానీ తేలలేదు.

కోర్టు హాలు కిటికీల దాకా నిండిపోయింది. ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. రుక్మిణమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని బోనెక్కింది. ఎదురుగా ఇంకో బోనులో అల్లుడు. గడ్డం పెరిగి, చొక్కా వదులైపోయి, తమ ఇంటికి దీపావళికి వచ్చినవాడేనా అనిపించేలా ఉన్నాడు.

ప్రాసిక్యూటరు మెత్తగా మొదలెట్టాడు. "మీ అమ్మాయి బయట ఉన్న రోజుల్లో ఎప్పుడైనా వంటింట్లోకి వెళ్ళేదా అమ్మా?"

వెళ్ళేది కాదు అని ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ హాల్లో అంతమంది ఆ మాట కోసమే మెడలు చాపి కూర్చోవడం చూస్తే, వీళ్ళందరికీ కావలసిన పిల్ల వేరే ఎవరో, తను కన్న పిల్ల వేరే అనిపించింది.

"వెళ్ళేదండి."

ప్రాసిక్యూటరు చేతిలో కాగితం ఆగిపోయింది. "ప్రశ్న సరిగ్గా విన్నారా?"

"విన్నానండి. పెద్దమనిషైన దగ్గర్నించీ వెళ్ళేది. దానికి ఆకలి ఆగదు. అందరూ పడుకున్నాక వెళ్ళి చద్దన్నం తినొచ్చేది. నాకు తెలుసు. తొలిసారి కొట్టేను. తర్వాత నేనే గిన్నె మూత వదులుగా పెట్టేదాన్ని, చప్పుడు కాకుండా."

హాలంతా గుసగుసలు. ఎవరో "రామరామ" అన్నారు. ఎవరో "ఘనపాఠిగారింట్లోనా!" అన్నారు. జడ్జీగారు బల్ల మీద కొడితే గాని సద్దుమణగలేదు.

ఇటుపక్క డిఫెన్సు వకీలు మొహం వెలిగిపోయింది. లేచి గౌను సర్దుకున్నాడు. "అంటే మీ అమ్మాయి తనంతట తనే లోపలికి వెళ్ళి ఉంటుంది. ఎవరూ ఈడ్చుకెళ్ళక్కర్లేదు."

"అక్కర్లేదండి."

అక్కడ కూర్చునేస్తే ఆయన గెలిచేసేవాడే. కానీ జనం చూస్తున్నారు, మాట నోట్లో ఊరుతోంది, ఇంకొక్కటి అడిగాడు. "పాపం ఈ సంగతి మీ అల్లుడికి కల్లో కూడా తెలీదు. అంతేనా అమ్మా?"

"తెలుసండి."

వకీలు అడక్కుండానే ఆవిడ చెప్పుకుపోయింది.

"దసరాకి వచ్చినప్పుడు తల దువ్వుతుంటే చెప్పింది. ఓసారి ఆయన చూసేసేరట. కోప్పడలేదట. చప్పుడు చెయ్యకు, మా అమ్మ లేస్తుంది అన్నారట. తర్వాత్తర్వాత ఆయనే గిన్నె కిందకి దింపి ఉంచేవారట. చెప్పి నవ్వింది. మంచి మొగుడు దొరికేడని నేనూ నవ్వేనండి."

వకీళ్ళిద్దరూ ఒక్కసారి లేచారు. చచ్చిపోయిన మనిషి చెప్పిన మాట సాక్ష్యం కింద చెల్లదని డిఫెన్సాయన అరిచాడు. "అడిగింది మీరే కదండీ" అన్నారు జడ్జీగారు, అని రాసుకున్నారు. బోనులో సూర్యప్రకాశరావు తలెత్తలేదు.

ఆవిడ ఇల్లు చేరేసరికే ఊరికి తెలిసిపోయింది. కాఫీ హోటల్లో పాత పార్టీలు రెండూ చెదిరిపోయాయి. మొన్నటిదాకా గంగాభవానిని దేవతని చేసి ఏడ్చినవాళ్ళే, అలాంటి పిల్లకి అలాగే అవుతుందన్నారు. కన్నతల్లి కోర్టుకెక్కి చెప్పుకుంటుందా అన్నారు. గన్నవరం నుంచి ఒకరు కబురంపారు, హోమం వాయిదా పడింది ఘనపాఠిగారూ, ఇప్పుడు రానక్కర్లేదు అని. హోమం వాయిదా పడలేదు, వేరే ఆయన్ని పిలిచారు. తర్వాత ముక్కామల వాళ్ళు ఆ కబురైనా పంపలేదు.

శ్రీరామచంద్రమూర్తిగారు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పొద్దున్నే లేచి స్నానం చేసి, సంధ్య వార్చుకుని, పెట్టింది తిని, అరుగు మీద కూర్చునేవారు. రుక్మిణమ్మ కూడా ఏమీ అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఎవరి అలసట వాళ్ళు మోసుకుంటూ తిరిగేవారు.

తీర్పు చెప్పిన రోజు సూరిబాబు రాజమండ్రి నుంచి తిన్నగా వీళ్ళింటికే వచ్చాడు. మంచినీళ్ళు తాగి, బావగారి మొహం చూడలేక అక్క వైపు తిరిగి చెప్పాడు. "యావజ్జీవం వేసేరక్కయ్యా. ఈడ్చుకొచ్చేడన్నది నమ్మలేదట. దొంగనుకున్నాడన్నదీ నమ్మలేదట. ఆ చీకట్లో ఉన్నది పెళ్ళామే అయ్యుంటుందని తెలిసినవాడు, ఎవరది అని ఒక్క మాట అడక్కుండా కొట్టేడని రాసేరట జడ్జీగారు."

"అతనేమన్నాడు?" అంది రుక్మిణమ్మ.

"ఏమీ అన్లేదు. హైకోర్టుకి వెళ్దామని వాళ్ళమ్మగారు వకీలు కాళ్ళు పట్టుకున్నారు."

ఆ తల్లి కూడా పాపం, అనుకుంది రుక్మిణమ్మ. సంతోషం ఏమైనా వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. సూరిబాబు వెళ్ళిపోయాక చేట తీసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది, ఏదో ఒక పని చెయ్యాలి కదా అని.

శ్రీరామచంద్రమూర్తిగారు అరుగు మీంచి లేచి లోపలికి వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడ్డారు. తిడతారనుకుంది. ఎక్కడో చూస్తూ అడిగారు.

"అంత ఆకలేసేదా దానికి?"

రుక్మిణమ్మ చేట కింద పెట్టింది. "ఎదిగే పిల్లండి. పొద్దుండగా ఎప్పుడో పెట్టింది, రాత్రికుంటుందా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరేం చేసేవారు?"

ఆయన ఆలోచించారు. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి. "ఊరుకునేవాణ్ణి కాదు" అన్నారు మెల్లగా, అని అక్కడే గుమ్మం మీద, మడిబట్ట నలిగిపోతుందని కూడా చూసుకోకుండా కూలబడ్డారు.