పీర్లు పోయాక తీసిన ఫొటో

ఇప్పుడంటే ప్రతి సర్కిల్లోనూ స్తంభమెక్కి కూర్చున్న కెమెరా ఉంది. ఎవరు ఎవరిని గుద్దినా దాన్ని అడిగితే చెబుతుంది. డెబ్బై ఎనిమిదిలో ఆదోని పోలీసులకు ఉన్నదల్లా స్టూడియో శేషన్న కెమెరా. పెళ్లిళ్లకూ అదే, బడిపిల్లల గుంపు ఫొటోలకూ అదే, రోడ్డు మీద ప్రమాదం జరిగితే పిలిచేదీ దాన్నే. శేషన్న మూడుకాళ్ల స్టాండు సైకిలుకు కట్టుకుని, దారిలో పలకరించిన వాళ్లందరికీ జవాబు చెప్పుకుంటూ ఎప్పటికి వస్తే అప్పటికి ఫొటో.

ఆ ఆలస్యమే హజరాబీ కొంప మీదికి వచ్చింది.

హజరాబీ మొగుడు మక్బూల్ రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆ ఏడు పీర్లపండగ పత్తి కాలంలో పడింది. మిల్లుల రోడ్డంతా పత్తి బండ్లే. పీర్లు నీళ్లకు పోయే రోజు మక్బూల్ ఖాళీ జట్కాతో, ఆగి ఉన్న బండ్లను ఒరుసుకుంటూ ఎడమ పక్కనే ఇంటికి వస్తున్నాడు. ఎదురుగా ఎమ్మిగనూరు వైపు నుంచి మిల్లు షావుకారు కొడుకు అంబాసిడర్ కారులో వచ్చాడు. ముందున్న లారీని దాటబోయి, ఇవతలి పక్కకు దూసుకొచ్చి జట్కాను గుద్దాడు. చక్రం విరిగింది, మక్బూల్ కాలూ విరిగింది. గుర్రానికి మాత్రం ఏమీ కాలేదు. పట్టెడ తెంచుకుని పోయి, ఇదంతా తన వ్యవహారం కానట్టు ఎవరి బండిలోనో మూతిపెట్టి చొప్ప మేస్తూ నిలబడింది. షావుకారు కొడుకు కారును వెనక్కి తీసి, తన పక్కన బుద్ధిగా ఆపుకున్నాడు.

మక్బూల్‌ను ఆసుపత్రికి పంపారో లేదో, డప్పులు వినబడ్డాయి. పీర్లు వస్తున్నాయి. పీర్ల దారికి ఏదీ అడ్డం ఉండకూడదు. అవి ఆగవు, పక్కకు తిరగవు. సాయిబులూ హిందువులూ అని లేకుండా ఊరంతా చేసే పండగ అది. పెద్ద పీరును ఎత్తుకునే మొక్కు హనుమన్న ఇంటివాళ్లది. అతను పీరును ఎత్తుకునే, "ఎత్తండప్పా, పక్కన పెట్టండి" అన్నాడు. ఎడమ పక్క పత్తి బండ్లతో జాగా లేదు. దొరికినవాళ్లు దొరికిన చోట పట్టుకుని జట్కాను అమాంతం లేపి, రోడ్డు దాటించి, కుడి పక్కన కారు మూతి ముందర దించారు. పీర్లు సాగిపోయాయి. వాటి వెనకే జనమూ పోయారు.

అప్పుడొచ్చాడు శేషన్న.

ఫొటోలో కారు దాని పక్కన అది ఉంది. జట్కా దానికి అడ్డంగా పోయి పడి ఉంది. ఆ ఫొటో చూసి, అడ్డదిడ్డంగా తోలి కారు మీదికి పోయాడని మక్బూల్ మీదనే కేసు రాశారు. నేరం రుజువైతే జైలు, ఆపైన జట్కా లైసెన్సు ఉండదు. కాలు కట్టు విప్పకముందే మనిషి మంచం మీద సగమైపోయాడు.

హజరాబీ పోలీసు స్టేషనుకు పోయింది.

"ఏమ్మా, ఫొటో అబద్ధం చెబుతుందా?" అన్నాడు ఎస్సై.

"అబద్ధం కాదు సారూ, ఆలీసంగా వచ్చింది. పెండ్లయిపోయి పందిరి విప్పినాక వచ్చినోన్ని పట్టుకోని, తాళి ఎవురు కట్టినారని అడుగుతాండారు మీరు."

"చూసినవాళ్లుంటే తీసుకురా మరి."

"ఊరంతా చూసింది."

"అయితే ఊరిని తీసుకురా పో." ఎస్సై నవ్వాడు. "ఆ జట్కాను మాత్రం ముట్టుకునేరు. కేసు తేలేదాకా ఉన్నచోటే ఉండాలి."

హజరాబీ అక్కణ్నుంచి నేరుగా హనుమన్న ఇంటికి వచ్చింది. అతను ఆమెను చూసి కూర్చోమని కూడా అనలేకపోయాడు.

"హజరక్కా, నేను పనిజేసేది ఆ మిల్లులోనే గదా. నోరు తెరిస్తే రేపు గేటు బయటే నిలబెడతారు."

"షావుకారును తిట్టమన్నానా? జట్కా ఎత్తమన్నది నువ్వు. ఆ మాట చెప్పు సాలు."

"ఆ పొద్దు నేను నా గెవనంలో లేనక్కా. పీరు పూనింటే ఏం జెప్పినానో, ఏమో."

లోపల రొట్టెలు తడుతున్న అతని పెండ్లాం ఉచ్చీరమ్మ చెయ్యి ఆపి గడప దగ్గరకు వచ్చింది. "పూనకంలో ఎడమ పక్క జాగా లేదని ఎట్ల కనపడిందప్పా నీకు? కుడి పక్కకు చెయ్యి సాపి సూపించింది నేను సూడలేదా? నీ బయ్యాన్ని పీరు మీదికి తోస్తావేమి?"

హనుమన్న గోడవైపు తిరిగాడు. హజరాబీ లేచి కొంగు బిగించుకుంది.

"రేపు మిల్లు కూసే యాళకు ఆ జట్కాను మొదుట ఉన్న తావుకే తెస్తా. ఒక్కదాన్నే అయినా సరే, ఈడుస్తా. వస్తే రా, లేకుంటే లే."

అన్నట్టే పొద్దున్నే పోయి జట్కా నొగలు పట్టుకుని లాగింది. చక్రం విరిగిన జట్కా కదిలితేనా. ఉచ్చీరమ్మ పిండి చేతులతోనే వచ్చి ఒక పక్క పట్టింది. పత్తి బండ్ల వాళ్లు కొందరు దిగారు. ఆ రోజు ఎత్తినవాళ్లు ఒకరిని చూసి ఒకరు సందుల్లోంచి బయటికి వచ్చారు. హనుమన్న బువ్వ క్యారియరుతో మిల్లుకు పోతూ దూరంగా ఆగాడు. వాళ్లు జట్కాను లేపి దించబోతుంటే ఇక ఉండబట్టలేదు.

"ఆడ కాదప్పా. ఇంకా ముందరికి." క్యారియరు నేలమీద పెట్టి తానూ భుజమిచ్చాడు.

జట్కా దాని చోటికి అది వచ్చింది. దాని చుట్టూ రోడ్డుకు అడ్డంగా అందరూ కూర్చున్నారు. ఇటు పత్తి బండ్లు, అటు పత్తి బేళ్ల లారీలు నిలిచిపోయాయి. మిల్లు మేనేజరు గేటు దగ్గర నుంచి హనుమన్నను పేరు పెట్టి కేకేశాడు.

"ఫొటో పడేదాంక ఈడే కూచుంటానప్పా. ఆపైన నీ ఇష్టం" అన్నాడు హనుమన్న, కూర్చున్నచోటు నుంచే.

జీపు దిగిన ఎస్సై ముఖం ఎర్రబడింది. "కేసు వస్తువును ముట్టుకుంటారా? అందరినీ లోపలేస్తాను."

"ఎయ్యండి సారూ. ఊరిని తెమ్మంటిరి, తెచ్చినాను. లోపలేసే ముందర శేషన్నను పిలిపించండి. ఎవురు యాడుండారో ఆయప్ప డబ్బా సూడల్ల."

ఎస్సై బండ్ల వరుస చూశాడు, జనాన్ని చూశాడు. చివరికి జీపునే పంపాడు. శేషన్న అంత తొందరగా ఎక్కడికీ వచ్చింది లేదు. స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, అలవాటు కొద్దీ "అందరూ కొంచెం నవ్వుముఖం పెట్టండి" అన్నాడు.

"ఇదేమన్నా పెండ్లా శేషన్నా?" అంది ఉచ్చీరమ్మ. ఎవరూ నవ్వలేదు.

కోర్టులో మేజిస్ట్రేటు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని, వీటిలో ఏది నిజమని అడిగాడు.

"రెండూ నిజమే సారూ" అంది హజరాబీ. "గుద్దినప్పుడు జట్కా ఈడుండింది, పీర్లు పోయేటప్పుడు ఆడుండింది. ఎత్తినోళ్లు వరండాలో నిలబడుకోని ఉండారు, పిలవండి."

మొదట హనుమన్నను పిలిచారు. పూనకం వచ్చినవాడి మాట సాక్ష్యమెట్లా అవుతుందని సర్కారు వకీలు అడ్డు తగిలాడు.

"పూనింది నాకొక్కనికే సారూ. ఎత్తినోళ్లకు పూనలేదు, వాళ్లనడుగుకోండి."

అడిగారు. ఒకరి తరువాత ఒకరు వచ్చి అదే చోటు చూపించారు. మక్బూల్ మీద కేసు కొట్టేశారు. హనుమన్నను మిల్లులోకి మళ్లీ రానివ్వలేదు. పత్తి కాలం కాబట్టి పక్క మిల్లువాళ్లు పిలిచి పెట్టుకున్నారు.

అందరూ ఇంక అయిపోయిందనే అనుకున్నారు. మర్నాడు హజరాబీ మళ్లీ స్టేషను మెట్లెక్కింది.

"ఇంకేం కావాలమ్మా? మీవాడిని వదిలేశారు కదా" అన్నాడు ఎస్సై.

"మావోడు గుద్దలేదని తేలింది. మరి గుద్దినోడు ఎవురు సారూ? ఆ పేరు రాయండి."

ఎస్సై పెన్ను ముట్టుకోలేదు. ఆమెకు టీ తెప్పించాడు. హజరాబీ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, బెంచీ మీద ఇంకొంచెం వెనక్కి జరిగి కుదురుగా కూర్చుంది.