ఐదో గుండు

పొద్దున్నే పొయ్యిలో రెండు కట్టెలు వేసి, కాఫీ కప్పు పట్టుకుని వెనక కొట్టంలో కూర్చోవడం హార్లన్‌కి ఇరవై ఏళ్ల అలవాటు. మోంటానా చలి గడ్డకట్టించినా సరే ఆ వేళ తప్పడు. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్ని తుడిచి మెరిపిస్తాడు. ఒక్కొక్కదాన్నీ తిరుగుడు కత్తికి బిగించి, చేత్తో తిప్పుతూ మూతి కోసి పొట్టిది చేస్తాడు. చిటికెడు తుపాకీ మందు పోసి, పైన సీసపు గుండు కూర్చి బిగిస్తాడు. ఇదంతా భార్య ఓపల్ కోసం.

ఓపల్ రివాల్వర్ వాళ్ల నాన్నది. పెద్ద తూటా పట్టే పాత ఇనుము. పేలిస్తే గుర్రం తన్నినట్టుంటుంది. ఆమె మణికట్లు వాచిపోయి చాలా కాలమైంది. చిన్నది కొందామని హార్లన్ అంటే, "మా నాన్న తుపాకీని అటక మీద పెట్టి పిల్లల బొమ్మ పట్టుకోమంటావా? పో, పోయి మందు తగ్గించు" అనేది. మందు తగ్గించడం తేలికే. కానీ పొడుగు గొట్టంలో కాస్త మందు పోస్తే బానలో గుప్పెడు బియ్యం పోసినట్టే. ఎటు దొర్లుతుందో తెలీదు, ఒకసారి అంటుకుంటే ఒకసారి అంటుకోదు. అందుకని గొట్టాన్నే కోయాలి.

ఏటా ఓపల్ చేతులు ఇంకొంచెం మొరాయించేవి. ఏటా హార్లన్ గొట్టాన్ని ఇంకొంచెం కోసేవాడు. గుండు ఇంకొంచెం నెమ్మదించేది. మొదటి ఏడాది పేలుడికీ గురిపెట్టిన ఇనప పలక మోతకీ మధ్య ఒక తుమ్మంత సేపు పట్టేది. తరవాత తరవాత కాఫీ తాగేంత సేపు పట్టింది. నాలుగేళ్ల కిందట పొద్దున కాల్చిన గుండు భోజనాల వేళకి పలక మీద ఠంగుమంది. తుపాకీ పోటీలు జరిపే క్లబ్బులో ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు. గుండు దారిలో ఉన్నంతసేపూ అటు ఎర్ర తాడు కట్టి, లేళ్లని అదిలించి, పక్క వరసలో పోటీ సాగించేవాళ్లు. గొణిగింది ఓపల్ తమ్ముడు డ్వేన్ ఒక్కడే. టైమర్ పట్టుకునేది అతనే.

"బావా, మా అక్క గుండు చేరేలోగా నాకు గడ్డం మొలుస్తోంది."

"మేకలకి మొలిచింది గానీ నీకు మొలవలేదురా. నోరు మూసుకుని నిలబడు."

క్లబ్బుకి ఒక కట్టడి ఉంది. ఆఖరి గుండు సంగతి తేలేదాకా కాల్చినవాళ్లు తాము నిలబడి కాల్చిన గీత వదలకూడదు, తుపాకీ ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. నలభై ఏళ్లలో ఓపల్ ఒక్క కట్టడీ తప్పలేదు.

ఆగస్టులో బిల్లింగ్స్ ఊళ్లో డాక్టరు, జబ్బు కాలేయం నిండా పాకిందనీ, మొదటి మంచు చూడటం కష్టమనీ చెప్పాడు. తిరుగు దారంతా ఓపల్ రేడియోలో పాటలు వింది. హార్లన్ ఒక్కటే ఆలోచించాడు. గుండు చేరకపోతే ఓపల్ గీత వదలదు. గీత వదలకపోతే చావుకైనా దీన్ని తీసుకుపోయే దారి లేదు.

సెప్టెంబరు పోటీకి ఐదు తూటాలు చేశాడు. నాలుగు ఎప్పట్లాంటివే. ఐదోదాని గొట్టాన్ని దర్జీ వేలితొడుగంత కోశాడు. మందు కొలిచి, సగం తీసేసి, మిగిలినదాంట్లోంచి మళ్లీ సగం తీసేశాడు.

నాలుగు గుళ్లూ చీకటి పడేలోగా మోగాయి. ఐదోది "పుస్" మంది.

ఓపల్‌ని గీత దగ్గరే కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ డేరా కట్టి, నూనె పొయ్యి పెట్టారు. చుట్టుపక్కలవాళ్లు వంతులవారీగా వేడి వేడి పళ్లాలు తెచ్చి, పనిలో పనిగా గుండుని చూసి పోయేవారు. "అదిగో, ఆ తుప్ప పక్కన, కందిరీగంత" అని ఒకరంటే, "నిన్నటికీ ఇవాళ్టికీ జానెడు జరిగింది" అని ఇంకొకరు. హార్లన్‌కీ స్పష్టంగా కనిపించేది. అక్టోబరులో మంచు పడింది. ఓపల్ పోలేదు.

పోలేదు గానీ, ఉన్నదీ లేదు. మందుబిళ్లలు పనిచేయడం మానేశాయి. నొప్పి వచ్చినప్పుడు తుపాకీ తోలు తొడుగు కరుచుకునేది. నవంబరుకి ఒళ్లో తుపాకీయే ఆమెకన్నా బరువుగా కనిపించింది.

ఒక పొద్దున అడిగింది. "ఎంత దూరం ఉందయ్యా?"

"సగం కూడా రాలేదే."

"చూశావా?"

"కళ్లారా చూస్తున్నా."

ఓపల్ నవ్వింది, దగ్గింది. "ఇత్తడి చువ్వ తెచ్చి దీని మూతిలో పెట్టు."

తూటాలు పట్టే సిలిండర్ ఊడదీసి, తుపాకీ ఆమె చేతుల్లోనే ఉంచి, హార్లన్ చువ్వ దించాడు. నాలుగు వేళ్ల లోతుకి వెళ్లి టక్కున ఆగింది. గుండు అసలు బయటికి రానేలేదు. మందు మరీ తగ్గిస్తే జరిగేది అదే. తూటాలు చేయడం నేర్చుకునేవాడికి మొదటి రోజే చెప్తారు. హార్లన్ తానే ఎందరికో చెప్పాడు.

"నీకెప్పుడు తెలిసిందే?"

"ఆ క్షణమే. చేతికి తన్ను తగల్లేదు."

"మరి చెప్పలేదేం?"

"పిచ్చి ముసలాడివి, నా కోసం అంత సన్నగా కోశావు. రెండు నెలలు నీ మొహం చూసుకుంటూ కూర్చున్నా. ఇక కూర్చోలేను, హార్లన్."

"వసంతం దాకా..."

"కూర్చోలేను."

అతను డ్వేన్‌కి కబురు పెట్టాడు. డ్వేన్ వచ్చి, చువ్వని చూసి, టైమర్ తీసి పట్టుకున్నాడు. అరవై రెండు రోజులుగా అది ఆగలేదు. హార్లన్ కొయ్య సుత్తితో చువ్వ మీద కొట్టాడు. మెల్లగా కొట్టబోతే, "ఏం, అన్నం తినలేదా?" అంది ఓపల్. ఏడో దెబ్బకి సీసపు ముద్ద జారి దుప్పట్లో పడింది.

"తప్పిన గుండు, అక్కా" అన్నాడు డ్వేన్, నేల చూస్తూ.

"గట్టిగా చెప్పరా. తీర్పు చెప్పేవాడివి నువ్వు."

"తప్పిన గుండు!" అని అరిచాడు. "కట్టడి ప్రకారం నీ లెక్కలో ఐదు సెకన్లు కలపాలి."

"కలుపు మరి."

డ్వేన్ టైమర్ ఆపే మీట నొక్కాడు.

రెండు నెలలుగా లేవని మనిషి కుర్చీలోంచి లేచింది. తుపాకీ కుర్చీలో పెట్టి, గీత వదిలి రెండు అడుగులు వేసింది. వాచిన వేళ్లతో హార్లన్ కోటు కాలరు పైకెత్తి, మెడ నుంచి జారిపోతున్న మఫ్లరుని లాగి పట్టుకుంది.

"చలిగాలి. ఇది సరిగ్గా..." అంది.

అంతవరకే అనగలిగింది.