వాడని సంచులు

శుక్రవారం లోపు సంచి సంగతి నేను తేల్చాలి. తేల్చకపోతే మా ఆయన విజయవాడ నుంచి రంగురంగుల సంచులు తెప్పించేస్తారు. ఇక మీదట షాపు విషయమేదీ నా దాకా రాదు.

నూజివీడులో మాది పళ్ల షాపు. మహాలక్ష్మి ఫ్రూట్స్ అని మా మామగారు పెట్టారు. నేను కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఏ ట్రేలు కొనాలో, బోర్డుకి ఏ రంగు వేయించాలో నన్నెవరూ అడగలేదు. ఈ ఏడు మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ప్లాస్టిక్ కవర్లు ఇవ్వొద్దని గట్టిగా చెప్పి వెళ్లాక, మా ఆయన వీరభద్రరావు గారు అన్నం తింటూ ఉన్నట్టుండి అన్నారు.

"నువ్వు డిగ్రీలో గుడ్డల గురించి చదివావు కదా విజయా. మళ్లీ మళ్లీ వాడుకునే సంచి ఏది మంచిదో చూడు."

నేను చదివింది హోమ్ సైన్సు. గుడ్డలు అందులో ఒక పేపరు. అయినా ఆయన్ని సరిదిద్దకుండా పెరుగు వడ్డించాను.

బస్టాండు వెనక సంచులు కుట్టే సువర్ణరాజు మూడు రకాలు కుట్టి పంపాడు. మూడింటి మీదా షాపు పేరు, దాని కింద తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి బొమ్మ. మామగారి కాలం నుంచి మా కవర్ల మీద ఉన్న బొమ్మే అది. ఎవరూ చెప్పకుండానే వేసేశాడు. నేనూ దాన్ని పట్టించుకోలేదు. నా ధ్యాసంతా గుడ్డ మీదే ఉంది.

మొదటిది రంగు సంచి. ముట్టుకుంటే గుడ్డలాగే ఉంది. అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి, కాలేజీ ప్రాక్టికల్స్‌లో చేసినట్టు పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి మీద పెట్టాను. ముడుచుకుపోయి, కరిగి నల్లటి బొట్టుగా కారింది. అది గుడ్డ కాదు, ప్లాస్టిక్కే. దాన్ని పక్కన పెట్టేశాను.

రెండోది గోనె సంచి. బిగువుగా, నిలబెడితే నిలబడేలా ఉంది. కాని లోపల చెయ్యి పెడితే జారుతోంది. గోళ్లతో గీకితే సన్నటి ప్లాస్టిక్ పొర పైకి లేచింది. మూడోది మందపాటి నూలు సంచి. అయిదు కిలోల బంగినపల్లి నింపి డాబా మీదకి రెండుసార్లు మోశాను. కుట్టు కదల్లేదు. పిడులు చేతిని కోయలేదు. ఉతికితే కొంచెం కుంచించుకుపోయింది, అంతే.

ఇదే అని చెప్పేయబోతూ ఫోనులో ఒక వ్యాసం చదివాను. పత్తి పండించడానికీ, నేయడానికీ బోలెడు నీళ్లు, కరెంటు పడతాయట. నూలు సంచిని ఏళ్ల తరబడి వాడితేనే కవరు కన్నా మేలట. కొని మూల పడేస్తే కవరే నయమట. అంటే ఎంత గట్టిదన్నది కాదు, ఎన్నిసార్లు బయటికి వెళుతుందన్నది ముఖ్యం. ఈ సంగతి కొవ్వొత్తి చెప్పదు కదా.

అందుకని సువర్ణరాజుతో అచ్చం అలాంటిదే ఇంకో నూలు సంచి కుట్టించాను. గోనె సంచి ఎదురింటి తులసమ్మ గారికి ఇచ్చాను. నూలువి రెండూ, మా పైవాటాలో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి కీర్తిప్రియకీ, పక్క వీధిలో ఉండే టీచరు షాలోమికీ ఇచ్చాను. "పది రోజుల పాటు బజారుకి ఇదే తీసుకెళ్లండి. ఎక్కడ ఇబ్బందిగా ఉన్నా మొహమాటం లేకుండా చెప్పండి" అన్నాను. ముగ్గురూ సంతోషంగా తీసుకున్నారు.

బుధవారానికి పది రోజులయ్యాయి. ముందు తులసమ్మ గారింటికి వెళ్లాను.

"ఎలా ఉందండీ సంచి?"

"భేషుగ్గా ఉందమ్మా. దేవుడి గదిలో పెట్టాను. పూజ పుస్తకాలన్నీ దాంట్లోనే."

"బజారుకి తీసుకెళ్లలేదా?"

"బజారుకి అదెందుకు? కవరు ఇస్తాడుగా."

కీర్తిప్రియ అయితే బీరువా తెరిచి చూపించింది. పట్టుచీరల పక్కన, నేనిచ్చిన మడత విప్పకుండా ఉంది నా సంచి.

"ఎంత బాగుందో ఆంటీ. మాసిపోతుందని తీయలేదు."

"మాస్తే ఉతకొచ్చమ్మా. ఉతికి చూసే ఇచ్చాను."

"అయ్యో, దాన్ని సర్ఫులో నానబెట్టి బాదడమా?" అని బీరువా మూసేసింది.

షాలోమి గేటు దగ్గరే కనిపించింది. "స్కూటీ డిక్కీలో ఉందండీ. రోజూ అనుకుంటా, మర్చిపోతున్నా. ఏమనుకోకండి" అంది. షాలోమి మతిమరుపు మనిషి కాదు. పిల్లల మార్కులన్నీ కాగితం చూడకుండా చెప్పగలదు.

ఇంటికి వచ్చి కూర్చున్నాను. మూడు సంచుల్లో ఒక్కటీ ఒక్క కూరగాయ మోయలేదు. అందరూ బాగుందంటారు, ఎవరూ వాడరు. రంగు లేతగా ఉన్నందుకా? పిడులు పొడుగయ్యాయా? మరీ మంచి గుడ్డ పెట్టి తప్పు చేశానా? నాసిరకం గుడ్డైతే వాడతారు గాని, అది చిరుగుతుంది. చిరగని గుడ్డైతే దాచుకుంటారు. ఈ లెక్కన ఏ సంచీ మంచిది కాదు. మధ్యాహ్నమంతా ఆ రెండు మాటల మధ్యే తిరిగాను. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు రాక రుచి చూడాల్సి వచ్చింది. వేయలేదు.

గురువారం పొద్దున గోవిందమ్మ పచ్చడి కాయలు తీసుకుని వచ్చింది. ముసునూరు నుంచి వచ్చి మా షాపులో కాయలు ఏరుతుంది. మెత్తబడిన కాయని చూపుతోనే పక్కకి తీసేయగలదు. వరండాలో కూర్చుని కాయలు తుడుస్తూ, "ఏంటమ్మా అంత దిగులుగా ఉన్నారు?" అంది.

చెప్పాను. గుడ్డ మందం, పిడుల పొడుగు, ఉతుకు, అన్నీ చెప్పాను. ఇంట్లో మిగిలిన రంగు సంచి తెచ్చి చూపించాను. గోవిందమ్మ గుడ్డని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. ముందు చేతులు కొంగుకి తుడుచుకుని, బొమ్మకి దణ్ణం పెట్టింది.

"అమ్మవారిని పెట్టుకుని దాంట్లో ఎండుచేపలు ఎట్టా తెస్తామమ్మా?"

నేను బొమ్మని మళ్లీ చూశాను.

"కింద పెట్టకూడదు. బస్సులో కాళ్ల దగ్గర పెట్టకూడదు. మైలప్పుడు ముట్టుకోకూడదు. చినిగితే పారేయకూడదు. ఇంక దాన్ని ఏం చేసుకుంటారు, బీరువాలో పెట్టుకోక?"

"మరి మన కవర్ల మీద కూడా అమ్మవారే ఉందిగా గోవిందమ్మా. జనం మురిక్కాలవలో కూడా పడేస్తున్నారు."

"కవరు మీదది ఉత్త బొమ్మమ్మా. గుడ్డ మీద వేస్తే అమ్మవారే."

ఎందుకలాగని అడిగాను. తనకీ తెలియదంది. నాకూ తెలియలేదు గాని, అబద్ధమని మాత్రం అనిపించలేదు. షాలోమి ఆ సంచిని డిక్కీలోంచి ఇంట్లోకి ఎందుకు తేలేదో కూడా అప్పుడే తట్టింది. ఆమె చర్చికి వెళుతుందని తెలిసి కూడా ఆ బొమ్మ చేతిలో పెట్టాను. ఆమె నన్ను నొప్పించకుండా మతిమరుపు తన మీద వేసుకుంది.

ఇంకో అనుమానం వచ్చింది. "బొమ్మ తీసేస్తాం సరే. షాపు పేరే మహాలక్ష్మి. మరి పేరు ఉండొచ్చా?"

"పేరైతే ఏముందమ్మా. మా ఆడపడుచు పేరూ మహాలక్ష్మే. రోజూ తిట్టుకుంటూనే ఉంటాం."

మధ్యాహ్నం మా ఆయనకి విషయం చెప్పాను. ఆయన ముద్ద ఆపి నా వైపు చూశారు.

"నిన్ను చూడమంది గుడ్డని. బొమ్మని కాదు."

"గుడ్డ తేలిపోయిందండీ. నూలుదే. ఆ బొమ్మ ఉంటే ఏ గుడ్డైనా ఒకటే, ఎవరూ వాడరు."

"నాన్న పెట్టిన బొమ్మ అది. తీసేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురే బీరువాలో పెట్టుకున్నారు."

ఆయన అన్నం కలుపుతూ అన్నారు. "పోనీ లోపలి వైపు వేయిద్దాం. బయటికి కనపడదు."

"చేపలు ఉండేది లోపలే కదండీ."

ఆయనకి నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో నాకు తెలియలేదు. మంచినీళ్లు తాగి, "షాపులో అమ్మవారి పటం ఎలాగూ ఉంది. రేపు నువ్వే చెప్పు సువర్ణరాజుకి" అని లేచారు. అది ఒప్పుకోవడమో, తప్పయితే నా మీదకి నెట్టే దారో కూడా తెలియలేదు. చెయ్యి కడుక్కుంటున్నంతసేపూ ఆయన వీపు వైపు చూస్తూ నిలబడ్డాను. అదీ ఏమీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే ఫోను చేశాను. ఆగిరిపల్లి తోట నుంచి మొదటి రసాల లోడు ఆదివారం వస్తుందని సువర్ణరాజుకీ తెలుసు.

"నూలుదేనండీ. పేరొక్కటే. బొమ్మ వద్దు" అన్నాను.

"అమ్మవారు వద్దా? అయ్యగారికి తెలుసాండీ?"

"తెలుసు."

"మధ్యలో బోసిగా ఉంటుందండీ. పోనీ తామరపువ్వొక్కటి ఉంచమంటారా?"

సరే అనబోయి ఆగాను. తామరపువ్వులో ఎవరు కూర్చుంటారో అందరికీ తెలుసు. ఖాళీ పువ్వుని చూసి గోవిందమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటుందా, తుడుచుకోదా? ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

"వద్దండీ. మామిడిపండు వేయండి."

"ఏ పండండీ? బంగినపల్లా, రసమా?"

వెనక మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఆయన వైపు తిరగబోయి, తిరగలేదు.

"చిన్న రసం" అన్నాను.

"పండుకి ముక్కు పెట్టమంటారా?"

"పెట్టండి. కొంచెంగా."